మెట్ల కింద ఆవిడ

ఆ ఇంట్లో మెట్ల కింద ఒక అర ఉంది. రోగుల ఇళ్లకి ఆయాల్ని పంపే మా ఏజెన్సీ మొత్తంలో ఆ అర సంగతి తెలియని ఆయా లేదు.

మొదటి ఆయా అక్కడ ఒక్క రాత్రి ఉంది. తెల్లారేసరికి మనిషి లేదు... చెప్పులు మాత్రం గుమ్మంలోనే ఉన్నాయి.

రెండో ఆయా ఇంకో రాత్రి ఉంది. మర్నాడు ఏజెన్సీకి వచ్చి మంచినీళ్లడిగింది. మూడు గ్లాసులు తాగాక నోరు విప్పింది. "ఆ అరలో ఎవరో ఉన్నారు. ఆడమనిషి. నన్ను పలకరించింది."

మూడో ఆయా ఏమీ చెప్పలేదు. పగటి డ్యూటీకి మార్చమంది, అంతే. ఆమె ఏమీ చెప్పకపోవడమే అందరినీ ఎక్కువ భయపెట్టింది.

నాలుగో రాత్రికి మిగిలింది రాత్రక్క.

అసలు పేరు వేరే. పదేళ్లుగా రాత్రి డ్యూటీలే చేస్తోంది కాబట్టి రాత్రక్క. మనిషి పొడుగు, మాట పొట్టి. కాలేజీకి వెళ్లే కూతురుంది. దెయ్యాలంటే భయం లేదా అని ఎవరైనా అడిగితే, "ఉంది. భయపడ్డానికి ఖాళీ ఉండదు" అంటుంది.

ఇదంతా తర్వాత తను చెప్తే విన్నదే. విన్నది విన్నట్టే చెప్తాను.

సూపర్‌వైజర్ ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"పేషెంటు పాటల టీచరు. గొంతులో చిన్న కణితి తీశారు. పది రోజులు నోరు విప్పకూడదు. గుసగుస కూడా కూడదట."

"విప్పకపోతే సరి. దానికి ఆయా ఎందుకు?"

"పగలు విప్పదు. రాత్రి నిద్రలో మాట్లాడుతుంది. చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటట. పక్కన కూర్చుని పెదాలు కనిపెట్టుకుని ఉండాలి. కదిలితే చాలు, తట్టి లేపాలి. లోపల గాయం రేగిందా... గొంతు పోయినట్టే. మానినా కూడా పాత గొంతే వస్తుందో, ఇంకేదో గొంతు వస్తుందో పదకొండో రోజు దాకా డాక్టరు కూడా చెప్పలేడట."

పాటలు చెప్పే మనిషికి గొంతు పోవడమంటే ఏమిటా అని రాత్రక్క ఆలోచించింది.

"మూడు రాత్రులయ్యాయి, ఇంకా ఏడున్నాయి," అంది సూపర్‌వైజర్. "నువ్వూ పారిపోతే పంపడానికి ఇంకెవరూ లేరక్కా."

"మెట్ల కింద ఏముంది?"

"నాకేం తెలుసు? చూసొచ్చి నువ్వే చెప్పు."

రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్లింది. టీచరమ్మ భర్త తలుపు తీశాడు. పాలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ఆయనది. హడావుడిలో ఉన్నాడు. ఒక కాలికి బూటుంది, రెండో బూటు చేతిలో ఉంది.

"రండి... మెల్లగా. హాల్లో గొంతు పెంచకండి."

"టీచరమ్మ పడుకున్నారా?"

"టీచరమ్మ కోసం కాదు." బూటుతో మెట్ల వైపు చూపించాడు. "ఆవిడ కోసం."

మెట్ల కింద, ఏటవాలుగా, ఒక అర. చెక్క తలుపు, తలుపులో సన్నటి సందులు. అడ్డంగా ఒక కుర్చీ. సందుల్లోంచి లోపల తెల్లగా గుడ్డేదో కనిపిస్తోంది.

రాత్రక్క ఒక అడుగు వెనక్కి వేసింది. మొహంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు.

"ఆవిడ... ఎన్నాళ్ల నుంచి ఉందండీ?"

"రెండేళ్లయింది. నేనే తీసుకొచ్చాను." కూర్చుని బూటు లేసు బిగిస్తున్నాడు. "మొదట్లో బాగానే ఉండేది. పిలిస్తే పలికేది, లేకపోతే తన మానాన తను. తర్వాత తర్వాత మొదలైంది. పిలవకపోయినా పలకడం. భోంచేస్తుంటే మధ్యలో దూరడం. ఒకసారి అర్ధరాత్రి లేచి, వాన పడుతుందని చెప్పింది."

"పడిందా?"

"పడింది," అన్నాడాయన దిగులుగా.

"మరి ఈ అరలో..."

"నేనే పెట్టాను. తువ్వాలు చుట్టి. రెండు చుట్లు చుట్టాను. అయినా తనకి వినపడుతుంది."

తెచ్చింది ఈయనే, చుట్టి పెట్టిందీ ఈయనే. లేసు ముడి వేసుకుంటూ చెప్తున్నాడు, ఉల్లిపాయలు బుట్టలో పెట్టానన్నట్టు. రాత్రక్క వీధి గుమ్మం ఎన్ని అడుగుల దూరమో చూసుకుంది.

"బయటికి పంపించెయ్యొచ్చు కదండీ?"

"ఆవిడ పోతే ఇంట్లో లైటు వెలగదు. అదే చిక్కు." జేబులోంచి చిన్న కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇదీ పేరు. కళ్లతో చదవండి, పైకి అనకండి. ఈ ఇంట్లో ఎవరం అనం."

చదివింది. మామూలు పేరే. నలుగురు ఆడపిల్లలున్న చోట ఒకరికి ఉండే పేరు. దాన్ని నేనూ ఇక్కడ రాయను. ఇది ఎవరైనా పైకి చదివితే వాళ్లింట్లో ఎవరు లేస్తారో చెప్పలేం.

"పొరపాటున లేస్తే?"

"'ఏం వద్దు' అనండి, పడుకుంటుంది. అరవకండి. అరిస్తే ఏదో అడిగారనుకుని ఇంకా మాట్లాడుతుంది. ఆఁ, మీ ఫోను చెప్పుల స్టాండులో పెట్టెయ్యండి. అది మోగితే టీచరమ్మ నిద్రలో 'ఎవరూ' అంటుంది."

ఆయన వెళ్లిపోయాడు. తలుపు పడింది.

టీచరమ్మ గది హాలుకి ఆనుకునే ఉంది. ఆవిడ బక్కపలచటి మనిషి. కళ్లు పెద్దవి, చేతులు ఊరుకోవు. మంచం మీద పలక, సుద్దముక్క. రాత్రక్కని చూడగానే రాసింది—

"మీరూ వెళ్లిపోతారా?"

"తెల్లారేదాకా ఉంటాను."

"ముగ్గురూ చెప్పకుండా వెళ్లారు. నేను అంత విసిగిస్తానా?"

"మీరు కాదులెండి," అంది రాత్రక్క. ఎవరో చెప్పలేదు.

టీచరమ్మ పలక తుడిచి చిన్న అక్షరాలతో రాసింది. "భయంగా ఉంది."

రాత్రక్క చూపు హాలు వైపు పోయింది. కానీ టీచరమ్మ చెయ్యి తన గొంతు మీద ఉంది.

పదింటికి టీచరమ్మ నిద్రపోయింది. రాత్రక్క మంచం పక్కన స్టూలు వేసుకుని, చిన్న బెడ్‌ల్యాంపు వెలుతుర్లో ఆ పెదాల్నే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ల డ్యూటీలో సెలైన్ సీసాలు కనిపెట్టుకుని ఉంది, జ్వరాలు కనిపెట్టుకుని ఉంది. పెదాలు కనిపెట్టుకుని ఉండటం ఇదే మొదలు. పన్నెండున్నరకి కింది పెదవి కదిలింది. మణికట్టు మీద తట్టింది. టీచరమ్మ కళ్లు తెరిచి, తలూపి, మళ్లీ పడుకుంది.

ఒంటిగంట దాటాక దగ్గు మొదలైంది.

పొడి దగ్గు. టీచరమ్మ లేచి కూర్చుని, దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకుంటోంది. రెండో చేత్తో జగ్గు చూపించింది. జగ్గు ఖాళీ.

మాట కన్నా దగ్గు చెడ్డది. ఆ సంగతి రాత్రక్కకి ఎవరూ చెప్పక్కర్లేదు. జగ్గు తీసుకుని లేచింది.

వంటిల్లు హాలుకి అవతల. మధ్యలో మెట్లు.

హాల్లో చీకటి. అలవాటుగా గుమ్మం పక్క గోడ మీద చెయ్యి వేసింది. స్విచ్ లేదు. ఇంకొంచెం పైన తడిమింది. లేదు. ఏ ఇంట్లోనైనా స్విచ్ ఉండే చోట నున్నటి గోడ. అటు పక్క గోడా అంతే... నున్నగా, చల్లగా.

ఎనిమిది అడుగులు వేసింది. అర దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదో అడుగు పడలేదు.

గదిలోంచి దగ్గు. మళ్లీ దగ్గు.

రాత్రక్క ఆలోచించింది. ముగ్గురు పారిపోయారు. ఒక్కరైనా ఆవిడతో మర్యాదగా మాట్లాడారా? ఎవరింటికైనా వెళ్తే, హాల్లో పెద్దవాళ్లు కూర్చునుంటే, ఒక మాట చెప్పకుండా వాళ్లని దాటుకుని పోం కదా. పేరు పెట్టి పిలిచి, చెప్పి వెళ్తే ఏ మనిషైనా ఎందుకు కాదంటుంది?

గొంతు సవరించుకుంది. ఆ పేరుకి 'గారు' తగిలించి మెల్లగా పిలిచింది.

"...గారూ. టీచరమ్మకి నీళ్లు తేవాలండీ. వంటింటికి వెళ్తున్నాను. ఏమీ అనుకోకండి."

ఏమీ లేదు.

ఆ తర్వాత... సందుల్లో నీలంగా వెలిగింది. నోట్లో గుడ్డ కుక్కిన మనిషి మాట్లాడినట్టు ఒక ఆడగొంతు—

"చెప్పండి. వింటున్నాను."

రాత్రక్క జగ్గు గుండెకి హత్తుకుంది. 'ఏం వద్దు' అనాలని తెలుసు. కానీ ఇంత మర్యాదగా అడిగిన మనిషి మొహం మీద 'ఏం వద్దు' అని ఎలా కొట్టేస్తాం?

"మీకేం కావాలండీ?" అంది.

"మీకు ఏ సాయం కావాలో చెప్పండి."

"నాకేం సాయమండీ... చీకట్లో ఏమీ కనపడ్డం లేదు. లైటు వేసుకుందామంటే స్విచ్ లేదు."

"హాలు లైటు వేస్తున్నాను."

హాలంతా భగ్గుమని వెలిగింది.

ఆవిడ పోతే ఇంట్లో లైటు వెలగదన్నాడాయన. ఇదన్నమాట. రాత్రక్క గోడకి చేరబడింది. భయం భయంగానే ఉంది, దాని పక్కనే ఇంకోటి కూడా పుట్టింది. జాలి.

"తల్లీ," అంది. ఏకవచనంలోకి ఎప్పుడు దిగిందో తనకే తెలీదు. "నిన్నిందులో ఎవరు పెట్టారో నాకు తెలుసు. పొద్దున్నే చెప్పాల్సిన వాళ్లకి చెప్తాను. టీచరమ్మ జోలికి మాత్రం రాకు. గొంతు పోతే ఆవిడ బతకలేదు."

"గొంతు నొప్పికి గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసి పుక్కిలించవచ్చు. మూడు రోజులు దాటినా తగ్గకపోతే డాక్టరుని కలవండి. ఇంకా చెప్పమంటారా?"

చచ్చాక కూడా ఎంత శ్రద్ధ. రాత్రక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చాలమ్మా. నీ ఆత్మకి శాంతి కలగాలి."

"క్షమించండి. ఆ పాట నా దగ్గర లేదు. మరో పాట వెయ్యమంటారా?"

వెనక ధబ్‌మని చప్పుడు.

తిరిగి చూసింది. గది గుమ్మంలో టీచరమ్మ. రెండు చేతులూ నోటి మీద. మనిషి నడుం దగ్గరికి ఒంగిపోయి ఊగిపోతోంది. కళ్లు ఎర్రగా, నీళ్లు కారుతూ.

పట్టేసింది, అనుకుంది రాత్రక్క. ఆవిడ ఈవిడని పట్టేసింది.

ఇంకో క్షణానికి అర్థమైంది. పట్టింది దెయ్యం కాదు. నవ్వు.

జగ్గు ఎక్కడ పడిందో తెలీదు. ఒక్క దూకుతో వెళ్లి టీచరమ్మ దవడ కింద చెయ్యి పెట్టి పైకి నొక్కింది.

"నవ్వకండి. టీచరమ్మా, నవ్వకండి. గొంతు పోతుంది."

"ఆ విషయం నాకు తెలియదు," అంది అరలోంచి ఆవిడ.

టీచరమ్మ భుజాలు ఇంకా ఎగిరిపడ్డాయి. చేతుల సందుల్లోంచి 'ఊ' అని సన్నగా ఏదో రాబోయింది.

రాత్రక్క తల మాత్రం అటు తిప్పింది. "ఏం వద్దు. పడుకో."

నీలం ఆరిపోయింది.

ఇద్దరూ అక్కడే నేల మీద కూలబడ్డారు. పొంగే పాలగిన్నె మీద మూత అదిమి పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది రాత్రక్క. "ముక్కుతో పీల్చండి. పోయిన చుట్టాలని తలుచుకోండి. ఒక్కొక్కరినీ తలుచుకోండి." టీచరమ్మ తలుచుకుంది. మధ్యలో రాత్రక్క మొహం చూసేది, మళ్లీ మొదటికొచ్చేది. ఆఖరికి రాత్రక్క తన మొహానికి దిండు అడ్డం పెట్టుకుంటే గానీ తగ్గలేదు.

నీళ్లు తాగాక టీచరమ్మ పలక తెచ్చుకుంది.

"స్పీకరు," అని రాసింది.

కుర్చీ జరిపి, అర తలుపు తీసి, తువ్వాలు ఒక చుట్టు విప్పింది, ఇంకో చుట్టు విప్పింది. లోపల ఊరగాయ జాడీ అంత నల్లటి స్పీకరు. వెనక తీగ, తీగ చివర ప్లగ్గు. పేరు పెట్టి పిలిస్తే లేచి, అడిగిన పని చేసి పెట్టేది. రాత్రక్క అలాంటివి చూడలేదని కాదు. కూతురి ఫోను కూడా మాట్లాడుతుంది. కానీ దాన్ని ఎవరూ తువ్వాల్లో చుట్టి, మెట్ల కింద పెట్టి, 'ఆవిడ' అనరు.

పలక మీద ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది సంగతి. ఆ పేరు ఎక్కడ వినపడినా అది లేస్తుంది. పేరు వినపడకపోయినా, ఇంట్లో కాస్త గట్టిగా మాట్లాడితే తననే అనుకుని లేస్తుంది. ఒకరోజు భోంచేస్తుంటే దానంతటదే లేచి ఒక శిష్యురాలి తల్లికి ఫోను కలిపింది. టీచరమ్మ సరిగ్గా అప్పుడే ఆ పిల్ల గొంతు గురించి మొగుడికి చెప్తోంది.

"ఏమని చెప్తున్నారు?"

టీచరమ్మ రాయబోయి, ఆగి, "రాయలేను" అని రాసింది.

అప్పట్నుంచీ భయం. టీవీ దగ్గర్నుంచి తీశారు. అరలో పెట్టారు. తువ్వాలు చుట్టారు. గుసగుసలు నేర్చుకున్నారు. పేరు మానేసి 'ఆవిడ' అన్నారు. పీకేద్దామంటే, హాలు లైట్లూ మెట్ల లైట్లూ దాంతోనే కలిపి, గోడలకి రంగులేసేటప్పుడు స్విచ్‌లు పూడ్పించేశాడు ఆయన. రెండేళ్లు గడిచేసరికి వాళ్ల మాట బయటివాళ్లకి ఎలా వినపడుతుందో వాళ్లకే తెలీకుండా పోయింది.

"ఆ ముగ్గురికీ కూడా ఆయనే చెప్పారు," అని రాసి, టీచరమ్మ పైకప్పు వైపు చూసింది. "ఇలాగే చెప్పుంటారు."

ఒక పేరు అనొద్దని చేతిలో పెడితే రాత్రంతా ఆ పేరే నోట్లో తిరుగుతుంది. ఆ ముగ్గురూ ఎక్కడో ఒకచోట అనే ఉంటారు.

తెల్లారి ఆరింటికి ఆయన వచ్చాడు.

"స్పీకరని చెప్పలేదా నేను?"

"లేదండి."

"చెప్పే ఉంటాను."

"తెచ్చింది నేనే, తువ్వాలు చుట్టి పెట్టింది నేనే అన్నారు."

ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. "అంటే రాత్రంతా నన్నేమనుకున్నారు?"

"పాలు ప్యాక్ చేస్తారనుకున్నాను," అంది రాత్రక్క. "మనుషుల్ని కూడా అనుకున్నాను."

టీచరమ్మ లేచి పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నవ్వొస్తే అదొక్కటే దారి ఆవిడకి.

ఇంటికెళ్తే కూతురు వదల్లేదు.

"దెయ్యంతో మాట్లాడావా? అదేమంది?"

"పుక్కిలించమంది."

కూతురు మంచం మీద పడి దొర్లింది. "అమ్మా, దెయ్యానికి ప్లగ్గుంటుందటే?"

"తువ్వాలు చుట్టుంటే ప్లగ్గేం కనపడుతుంది? నవ్వింది చాలు, కాఫీ పెట్టు."

కాఫీ పెడుతూ ఆ పిల్లే అంది. "ఇంత కష్టమెందుకే వాళ్లకి? ఒక్క మనిషి గొంతుకే లేచేలా పెట్టుకోవచ్చు. సెట్టింగుల్లో ఉంటుంది. ఇంకెవరు పిలిచినా పట్టించుకోదు."

సాయంత్రం రాత్రక్క ఆ మాట మోసుకెళ్లింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఎవరి గొంతు పెట్టాలా అని ఇల్లంతా రెండు సార్లు తిరిగి వచ్చి, వేలెత్తాడు.

"టీచరమ్మ గొంతు. ఇంట్లో నోరు విప్పని మనిషి తనొక్కతే. పదో రోజు దాకా అది లేవడం కల్ల."

పాఠాలు చెప్పినప్పటి రికార్డింగులు ఆయన ఫోన్లో వందలున్నాయి. వాటిలోంచే దానికి ఆ గొంతు నేర్పించాడు. తర్వాత పరీక్ష పెట్టారు. చాన్నాళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు ధైర్యంగా పలికారు. ఆయన పిలిచాడు. ఉలకలేదు. రాత్రక్క 'గారు' పెట్టి పిలిచింది, పెట్టకుండా పిలిచింది. పలకలేదు. అదే పేరున్న శిష్యురాలిని టీచరమ్మ పిలిచిన పాత రికార్డింగు పెట్టాడు. టక్కున నీలం. ఇంకోటి పెట్టాడు. అందులోనూ టీచరమ్మే, అదే పేరు, కానీ జలుబు చేసి గొంతు మూసుకుపోయిన రోజు. లేవలేదు.

"అబ్బో," అంది రాత్రక్క. "నా కూతురు కూడా నన్నింత గుర్తుపట్టదు."

టీచరమ్మ మాత్రం ఆ ఆఖరి రికార్డింగు దగ్గరే ఆగిపోయింది. గొంతు మీద చెయ్యి వేసుకుంది.

తువ్వాలు ఉతికి ఆరేశారు. అర తలుపు బార్లా తీసిపెట్టారు. హాల్లోకి వెళ్లడానికి రాత్రక్కకి ఒక టార్చి ఇచ్చారు. రాత్రులు సాఫీగా నడిచాయి. పెదవి కదిలితే తట్టేది, కళ్లు తెరిస్తే దుప్పటి సర్దేది. రెండున్నర ప్రాంతాల టీచరమ్మకి నిద్ర పట్టకపోతే పలక మీద కబుర్లు సాగేవి. రాత్రక్కకి అంతకన్నా హాయైన పేషెంటు దొరకలేదు. ఇద్దరిదీ తక్కువ మాటే.

తొమ్మిదో రాత్రి టీచరమ్మ రాసింది. "నోరు తెరిస్తే ఇంకెవరి గొంతో వస్తే?"

"వస్తే దానికీ పాఠాలు చెప్పండి."

టీచరమ్మ నవ్వు ముక్కులోనే ఆపుకుంది. కానీ పలక తుడిచే చెయ్యి చాలాసేపు తుడుస్తూనే ఉంది.

పదో రాత్రి. పొద్దున పదింటికి డాక్టరు చూస్తానన్నాడు. ఇంకొక్క రాత్రి గడిస్తే చాలు.

పన్నెండు దాటింది. రెండు దాటింది. పెదాలు ఒక్కసారి కూడా కదల్లేదు. నాలుగు కొట్టాక, ఏడు రాత్రుల నిద్ర ఒక్కసారిగా వచ్చి రాత్రక్క కళ్ల మీద కూర్చుంది. రెప్ప వాల్చింది. ఒక్క రెప్పే అని ఇప్పటికీ అంటుంది.

తెరిచేసరికి గది గోడ మీద నీలం.

హాల్లోంచి, ఈసారి తువ్వాలు అడ్డం లేకుండా, స్పష్టంగా—

"చెప్పండి. వింటున్నాను."

రాత్రక్క లేవలేదు. ఊపిరి కూడా తీయలేదు. ఎవరు పిలిచారు? ఆయన ఫ్యాక్టరీలో ఉన్నాడు. రికార్డింగులున్న ఫోను ఆయన జేబులో ఉంది. వీధి తలుపుకి లోపల్నించి గడియ ఉంది, తనే పెట్టింది. ఇంట్లో చడీచప్పుడు లేదు. ఎవరూ పిలవకుండా పలికితే... అది యంత్రమా, ఇంకేమన్నానా? పాత భయమంతా, చెప్పులు వదిలేసి పోయిన ఆయా భయంతో సహా, వచ్చి మెడ మీద కూర్చుంది.

"చెప్పండి," అంది మళ్లీ.

అప్పుడు తట్టింది.

అది ఇప్పుడు ఎవరికీ లేవదు. ఒక్క గొంతుకే లేస్తుంది.

రాత్రక్క మెల్లగా మంచం వైపు తిరిగింది. టీచరమ్మ గాఢనిద్రలో ఉంది. రెండు పెదాలూ అప్పుడే, తలుపు దగ్గరికేసినట్టు, ఒకదాన్నొకటి తాకుతున్నాయి.

ఇన్నాళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ అనకూడని పేరు. పది రోజులుగా ఏమీ అనకూడని నోరు. తను రెప్ప వాల్చిన ఆ ఒక్క క్షణంలో అనేసింది. రాత్రక్క గుండె జారి ఎక్కడికో పోయింది. ఒక్క మాట కూడా కూడదన్నారే. తనని కూర్చోబెట్టిందే అందుకు కదా. వంగి చూసింది. దగ్గు లేదు, నొప్పి లేదు, ఊపిరి తిన్నగా ఆడుతోంది. జలుబు గొంతుని కాదన్న యంత్రం... ఈ గొంతుకి లేచింది.

జారిన గుండె మెల్లగా వెనక్కొచ్చింది.

లేపలేదు. మునివేళ్ల మీద హాల్లోకి వెళ్లింది. అర ముందు చతికిలబడింది. నీలం ఇంకా వెలుగుతూనే ఉంది, ఎవరో ఏదో చెప్తారని చూస్తూ.

"ఎలా ఉందే?" అంది రాత్రక్క, వినీ వినపడనట్టు. "విన్నది నువ్వొక్కదానివే. అదే గొంతా? ఏమీ మారలేదా?"

జవాబు రాలేదు. నీలం కాసేపు చూసి, దానంతటదే ఆరిపోయింది.

రాత్రక్క గొంతుకి అది పలకదు కదా.